డప్పు కాగేదాకా

వాన చుక్కలు బస్సు కిటికీ మీద అడ్డంగా పాకుతున్నాయి. జూన్ నెలలో ఈ వానేమిటని ఈ ఇంగ్లీషు వాళ్ళ దేశంలో అడుగుపెట్టిన నాటి నుంచీ మిమోజ్ అడుగుతూనే ఉంది, ఎవరూ జవాబు చెప్పరు, వాళ్ళకీ తెలియదు కాబోలు. ఒళ్ళో డప్పు, డప్పుకి ప్లాస్టిక్ సంచీ, సంచీ మీద తన కోటు, కోటు మీద తన రెండు చేతులు. తను తడిస్తే ఫరవాలేదు, నాలుగు రోజులు తుమ్మితే పోతుంది. మేకతోలు తడిస్తే మాత్రం ఇవాళ పరువు గంగలో కలిసినట్టే. మొన్న ఒకసారి కలిసింది చాలదూ? దేశం లేని జనాలకీ, దేశమని ఎవరూ ఒప్పుకోని ప్రాంతాలకీ కలిపి పెట్టిన ఫుట్‌బాల్ కప్పు ఇది, మొదటి మ్యాచ్ రోజున రొలాన్ ఏం చేశాడంటే, అదిగో ఆ ముందు సీట్లో సీటు చాలక ఒరిగి కూర్చున్న ఆసామి, విమానాశ్రయంలో పెట్టెలు ఎత్తే ఉద్యోగం, డప్పు వాయించడం వాళ్ళ నాన్న నేర్పిన విద్య, దీవుల్లో ఎలా చేసేవారో అలాగే చేస్తానని బస్సు చాటున పాత పేపర్లూ కొబ్బరి పీచూ పోగేసి మంట పెట్టాడు. మరి నిప్పు చూపించకుండా డప్పు ఎక్కడైనా పలుకుతుందా? పలకదని మన వాళ్ళందరికీ తెలుసు. స్టేడియం కాపలా వాళ్ళకి తెలియదు. పసుపు కోట్లవాళ్ళు ఇద్దరు ఎర్ర సిలిండరు పట్టుకుని పరిగెత్తుకొచ్చి మంట మీదా, డప్పు మీదా, రొలాన్ కొత్త ప్యాంటు మీదా తెల్లటి నురుగు కొట్టేశారు. ఆ తరవాత మైదానంలో మన జాతీయ గీతమని పేరు పెట్టి వాయించింది తడి గోనెసంచిని కర్రతో బాదినట్టుంది. ఎదుటి జట్టు కుర్రాళ్ళు నవ్వాపుకోలేక బూట్లు చూసుకున్నారు. మన కుర్రాళ్ళూ బూట్లే చూసుకున్నారు, సిగ్గుతో. ఆ తరవాత ఏడు గోల్సు తిన్నారు. గోల్సు తినడం అలవాటే, దానికి ఎవరూ ఏడవలేదు. పాట పాడైనందుకు కూతురు జినెట్ బస్సు వెనక సీట్లో ముఖం కప్పుకుని ఏడ్చింది.

పాట పాడింది మాత్రం మిమోజే. ఇవాళా తనే పాడాలి. మిగతా జట్లకి స్పీకర్లో వాళ్ళ గీతం వస్తుంది, బాకాలూ వయొలిన్లూ, పెద్ద పెద్ద దేశాలకి ఏమీ తీసిపోవు. మన ఛాగోస్ దీవుల వాళ్ళకి రికార్డు లేదు. దీవుల్లో శనివారం సాయంత్రాలు డప్పు కొట్టి పాడుకునే పాటే గీతం, దీవుల్లో పుట్టిన వాళ్ళెవరైనా ఎత్తుకోవాలి, మిగిలిన వాళ్ళు చివరి మాట అందుకోవాలి, అదీ ఆచారం. దీవుల్లో పుట్టిన వాళ్ళు, వలస వచ్చి చేరిన ఈ క్రాలీ ఊళ్ళో ఎంతమంది మిగిలారని? కొందరికి మోకాళ్ళు లేవవు, కొందరికి గొంతు లేవదు. ఇంకా గొంతున్నది మిమోజ్‌కే. కొబ్బరి ఎండింది, పడవ నిండింది, రేవులో నేనొక్కదాన్నే మిగిలాను, పొద్దు గుంకింది, పిలవండర్రా, నా మనిషిని పిలవండర్రా. ఆ తరవాత అమ్మ ఊఁ... ఊఁ... అనేది. పెదాలు బిగించి, గొంతులోనే, కిందికీ పైకీ ఒక ఊపు. మిమోజ్ అదీ పాటలో భాగమే అనుకుని నేర్చుకుంది, తన పిల్లలకి అలాగే నేర్పింది, ఆదివారాలు చర్చి హాల్లో ఊరి పిల్లలందరికీ అలాగే నేర్పింది. ఇప్పుడు క్రాలీలో ఛాగోస్ ఇంటి పిల్ల ప్రతి ఒక్కటీ ఆ చోటికి రాగానే కళ్ళు మూసుకుని ఊఁ అంటుంది, చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉంటుందో. దీవుల్లోనే పెరిగి పెద్దదైన ఫెలిసితే ముసలమ్మ పోయిన వారం ఆ ముచ్చట కాస్తా తీర్చేసింది. ఎవరో పత్రికాయన వచ్చి మీకు దీవుల్లో ఏం గుర్తుందమ్మా అని అడిగితే, మిమోజ్ బావి గట్టు గురించీ, గాడిద గురించీ, ఎండబెట్టిన కొబ్బరి వాసన గురించీ చెబుతోంది, ఆయన తల ఊపుతూ రాసుకుంటున్నాడు. ఆయన వెళ్ళి తలుపు మూయగానే ఫెలిసితే అంది.

"ఒసేయ్, ఆ బావి మా దొడ్లోది. ఆ గాడిద మాది. నువ్వు నాలుగేళ్ళ పిల్లవి, ముక్కు తుడుచుకోవడం రాదు నీకు. అవన్నీ మీ అమ్మ చెప్పిన కబుర్లే."

"నాకు గుర్తున్నాయి, ఫెలిసితే."

"ఏం గుర్తున్నాయే? ఆ పాట కూడా సరిగ్గా గుర్తులేదు. అక్కడ మూలుగు కాదే ఉండాల్సింది, పేరు. పాడేవాళ్ళు వాళ్ళ మనిషి పేరు పెట్టి పిలవాలి. మీ అమ్మ పిలవలేక మూలిగింది. ఊరు ఊరంతా కలిసి ఇప్పుడా మూలుగుని పాడుతోంది, నా ఖర్మ."

ఉన్నమాటంటే ఉలుకెక్కువంటారు. అది ఉన్నమాటే, అందుకే ఆ రాత్రి కూర నోటికి పోలేదు. ఇప్పుడు కూడా, బస్సు ఏదో పెద్ద వంతెన కింద ఆగి కదులుతుంటే, మిమోజ్ తన జ్ఞాపకాల్ని ఒక్కొక్కటీ తీసి బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరి చూసుకుంటోంది, ఏది నాది, ఏది అమ్మది. మడుగు నీళ్ళు ఆకుపచ్చగా ఉండేవి: అమ్మది. పొద్దున్నే పనికి గంట కొట్టేవారు: అమ్మది. పీతలు కొబ్బరి చెట్టెక్కి కాయ కోసేవి, కొబ్బరిపాలు పోసి ఆక్టోపస్ వండితే వీధి చివరిదాకా వాసన, తెల్లకుక్క ఒకటి ఈదుకుంటూ పోయి చేపని నోట కరుచుకొచ్చేది: అన్నీ అమ్మవే. అమ్మ ప్రతి రాత్రీ చెప్పేది కదా. మారిషస్‌లో, పోర్ట్ లూయిస్ మురికివాడలో, రేకుల గదిలో, పక్కింటి వాళ్ళ తిట్లు గోడలోంచి వినిపిస్తుంటే, దీవుల వాళ్ళంటే అక్కడ అందరికీ లోకువే, బడిలో కూడా అది ఒక తిట్టే, ఆ చీకట్లో పడుకుని అమ్మ పేరోస్ బాన్యోస్ దీవిని ఇసుక రేణువుతో సహా చెప్పుకొచ్చేది. ఒక్క నాన్న సంగతి తప్ప. కూరలన్నీ వడ్డించి అన్నం మరిచిపోయినట్టు. చెట్టు కింద ఎవరున్నారో చెప్పేది, పడవ ఎవరు కట్టారో చెప్పేది, నాన్న నిలబడాల్సిన చోటికి రాగానే మాట పక్కకి తిప్పేది. మిమోజ్ అడిగేది కాదు. అడగకపోవడానికి కారణం ఉంది. దీవి వదిలింది తన వల్లే కదా. తనకి జ్వరం తగ్గకపోతే, ఆస్పత్రి కోసం అమ్మ ఓడెక్కించి మారిషస్ తీసుకొచ్చింది, మళ్ళీ ఓడకి వచ్చేస్తాం కదా అని రెండు గౌన్లూ ఒక దుప్పటీ మూట కట్టుకుని. జ్వరం తగ్గింది. ఓడ టిక్కెట్టు కోసం వెళ్తే, కిటికీ వెనక మనిషి, మీ దీవులకి ఇంక ఓడ లేదమ్మా అన్నాడు. ఎప్పుడొస్తుంది అంది అమ్మ. రాదు అన్నాడు. అమ్మ మరునాడు మళ్ళీ వెళ్ళింది, ఆ మనిషి సెలవు మీద వెళ్ళి వేరేవాడొస్తాడేమోనని. నాన్న అక్కడే ఉండిపోయాడు. ఆన్సెల్మ్. పేరు తెలుసు మిమోజ్‌కి, బాప్టిజం కాగితం మీద ఉంటుంది, దాన్నెవరు కాదన్నారు? పేరుంటే సరిపోతుందా? ముఖం తెలియని, గొంతు తెలియని, ఒక్క తిట్టైనా తిన్నట్టు గుర్తులేని మనిషిని నడి మైదానంలో నిలబడి నా మనిషి అని ఎలా పిలుస్తుంది?

ఓడ రేవు మాత్రం తనదే. అది ఎవరూ చెప్పింది కాదు. తొమ్మిదేళ్ళ పిల్ల అప్పటికి. సైనిక స్థావరం కోసం దొరలు దీవులు పూర్తిగా ఖాళీ చేయించారని, ఆఖరి ఓడ వస్తోందని తెలిసి అమ్మ ఉన్నవాటిలో మంచి గౌను వేసుకుంది, నూనె రాసి జుట్టు అణిచింది, నెత్తిన గుడ్డ కట్టింది, మళ్ళీ విప్పి ఇంకోలా కట్టింది. రేవంతా జనం. ఓడ మీంచి దిగేది లేదంటున్నారు అందరూ, మమ్మల్ని ఎక్కడికి తెచ్చారని గొడవ, పిల్లల ఏడుపులు. చివరికి దిగారు. అమ్మ ప్రతి మొగాడి ముఖమూ చూసింది. ముసలివాళ్ళవి కూడా చూసింది, ఇన్నేళ్ళలో మారిపోయి ఉంటాడేమోనని. అందరూ దిగాక ఒక పెద్దావిడ అమ్మ మోచెయ్యి పట్టుకుని చెవిలో ఏదో చెప్పింది. నాన్న పోయిన వానాకాలంలోనే కన్నుమూశాడట, చర్చి పక్కనే పాతిపెట్టారట. అమ్మ సరే అని తల ఊపింది, ధర చెబితే ఒప్పుకున్నట్టు. ఇంటికొచ్చి గౌను మడత పెట్టింది. ఆ వారంలోనే ఒక శనివారం ఎవరో డప్పు కొడితే పాట ఎత్తుకుంది, ఆ చోటికి వచ్చింది, ఊఁ అంది. ఇప్పుడు తెలుస్తోంది. యాభై ఏళ్ళు పట్టింది, ఫెలిసితే నోటి దురుసు కావలసి వచ్చింది. పాపిష్టి ముసలిది, అది మాత్రం చిన్నప్పటి సంగతులన్నీ గుప్పిట్లో పెట్టుకుని కూర్చుంటుంది.

"అమ్మా, దిగు. కలలు తరవాత కందువు గానీ."

జినెట్‌కి ఓపిక తక్కువ. జట్టు బట్టలు ఉతికించేదీ, బస్సు మాట్లాడేదీ, సాండ్‌విచ్‌లు కట్టేదీ ఆ పిల్లే, పిల్లంటే నలభై దాటాయి, విమానాశ్రయంలో శుభ్రం చేసే పని, తెల్లవారకముందే డ్యూటీ. నారింజ, నలుపు, నీలం చొక్కాల్లో కుర్రాళ్ళు ఒకరొకరే దిగి వానలో ఒళ్ళు విదిలించుకుంటున్నారు. ఆట జరిగేది చిన్న మైదానం, ఒకవైపే పైకప్పు. ఎదురుగా టిబెట్ వాళ్ళు అప్పుడే వచ్చి సర్దుకున్నారు, పెద్దవాళ్ళు ఫ్లాస్కుల్లోంచి టీ పోసుకుంటున్నారు, ఒక ముసలాయన తమ జెండాని కర్రకి కట్టి వాన నీళ్ళు పిండుతున్నాడు, ఎంత శ్రద్ధగా పిండుతున్నాడో, మనవడి తల తుడుస్తున్నట్టు. ఆయనకి తన ఊరు గుర్తుండి ఉంటుంది, అనుకుంది మిమోజ్, ముఖం చూస్తే తెలుస్తుంది. కాస్త అసూయ పుట్టింది, ఈ వయసులో ఇదేం బుద్ధి అని తననే కసురుకుంది. మన వైపు పిల్లలు అప్పుడే ఊఁ... ఊఁ... అని సాధన చేస్తున్నారు. వాళ్ళలో ఎవరి అమ్మమ్మా ఎవరి తాతా ఏ మట్టిలో ఉన్నారో, ఎవరి పేరూ లేదు అందులో, వట్టి మూలుగు, ఎంత శ్రుతిగా మూలుగుతున్నారని.

డప్పు సంగతికి ఉపాయం జినెట్‌దే. చేతులు ఆరబెట్టే మిషన్ల మీద ఆ పిల్లకి తెలియని విషయం లేదు. మగవాళ్ళ గదిలోది ఉఫ్ మని ఊదుతుంది తప్ప వేడి లేదు, ఆడవాళ్ళ గదిలో పాత రకం, గోడకి తెల్ల డబ్బా, బాగా వేడెక్కుతుంది. రొలాన్ గుమ్మం దగ్గరే ఆగి, లోపల ఎవరైనా ఉంటే చెప్పండి, నేను డప్పు కోసం వచ్చిన మనిషిని, దొంగని కాదు అని రెండు భాషల్లో కేకేశాడు. లోపల ఫెలిసితే ఒక్కత్తే ఉంది, చేతికర్ర సింకుకి ఆనించి జుట్టు సర్దుకుంటోంది. రావయ్యా, నన్ను చూసి మనసు పారేసుకోకుండా ఉంటే చాలు అంది. జినెట్ మీట నొక్కింది. డబ్బా గుర్రుమంది. రొలాన్ డప్పుని బోర్లించి, ఎత్తి, గాలి తగిలేలా పట్టుకుని మెల్లగా తిప్పుతున్నాడు. ఆగిపోతే జినెట్ మళ్ళీ నొక్కుతోంది. మొదట తడి తోలు వాసన. ఆ తరవాత మేక వాసన. ఆ తరవాత, తోలు బిగుసుకుంటున్న కొద్దీ, అంచున మిగిలిన బొచ్చు కాగే వాసన, సన్నగా, కాస్త చేదుగా, ముక్కు లోపల ఎక్కడో వెనక తగిలే వాసన.

"అయిందా, అత్తా?" వేలితో కొట్టి చూశాడు రొలాన్. "నాకు అయిపోయినట్టే ఉంది."

ఎందుకు వంగిందో మిమోజ్‌కి తెలియదు. వంగాలని అనుకోలేదు. మెడ దానంతట అదే వంగింది, తల పక్కకి తిరిగింది, ఎడమ చెంప పోయి తోలు మీద ఆనింది, అక్కడే, సరిగ్గా అంచుకీ నడిమికీ మధ్యన, వెచ్చగా, ఎప్పుడూ పెట్టుకునే చోటే అన్నట్టు. కళ్ళు మూతలు పడ్డాయి. ఒక వైపు చీకటి, ఒక వైపు మంట. మంట చెంపకి తెలుస్తోంది, వీపుకి చలి గాలి, కాళ్ళ కింద ఇసుక, తడి ఇసుక, వేళ్ళ మధ్యకి వచ్చే ఇసుక. తల వెనక చెయ్యి. పెద్ద చెయ్యి, తలంతా పట్టేసింది, కొబ్బరి డొక్కలు వొలిచి వొలిచి గరుకెక్కిన అరచెయ్యి, దాని బొటనవేలు తన చెవి వెనక మెల్లగా కదులుతోంది, కదులుతున్నట్టు దానికే తెలియనట్టు. పైన ఎక్కడో గొంతు. ఉడికిందా, పాపా? నవ్వుతోంది ఆ గొంతు. జనం ఎదురు చూస్తున్నారు, ఆడవాళ్ళు తొందర పెడుతున్నారు, చెంపకి తెలుసు ఉడికిందని, తోలు బిగుసుకుని గట్టిగా ఉంది. అయినా ఇంకా లేదు అంది. అబద్ధం. ఉడికిందంటే ఆ చెయ్యి తీసేస్తుంది, డప్పు ఎత్తుకుని పోతుంది. ఇంకా లేదు. మళ్ళీ మంట మీద తిప్పాడు. ఉడికిందా? ఇంకా లేదు. ఆ చేతికి కూడా తెలుసు అబద్ధమని, అందుకే ఆ నవ్వు. ముఖం కనపడదు. మిమోజ్ వెతికింది, పైకి చూడాలనుకుంది, ఆ పిల్ల పైకి చూడదు, దానికి పైకి చూడాల్సిన పనేముంది, చెయ్యి ఉందిగా. ఇది అమ్మది కాదు. అమ్మ ఇది చెప్పలేదు. అమ్మకి ఇది తెలియదు కూడా, అమ్మ అప్పుడు మంటకి ఆ పక్కన పాటకి గొంతు సవరించుకుంటూ ఉండి ఉంటుంది. ఇది ఎవరూ ఇచ్చింది కాదు. నాది, నాది, దేవుడా, ఇది నాది.

"అమ్మా, ఏమయింది? ఏడుస్తున్నావేంటి? అయిందా లేదా?"

"ఇంకా లేదు," అంది మిమోజ్, చెంప తియ్యకుండానే.

"అయిందత్తా, నేను చెప్తున్నా కదా, మోగుతోంది!"

"ఇంకా లేదన్నానా."

ఫెలిసితే కర్ర అందుకుని దగ్గరికి వచ్చింది. ఆవిడ ముఖంలో ఎప్పుడూ ఉండే ఆ వెటకారం ఎటు పోయిందో పోయింది.

"ఎవరు చెప్పారే నీకిది? మీ అమ్మ చెప్పిందా?"

"అమ్మ చెప్పలేదు."

"చెప్పదు," అంది ఫెలిసితే. "దీవి మొత్తంలో ఇలా చేసిన వాడు ఒక్కడే. అందరూ వేలితో కొట్టి చూసేవాళ్ళు. ఆన్సెల్మ్ మాత్రం వాడి కూతుర్ని పిలిచి చెంప పెట్టించేవాడు. మేమంతా కాళ్ళు నొప్పులు పుట్టి తిట్టుకునేవాళ్ళం, ఈ గుంట ఎప్పటికీ అయిందనదు, ఆట మొదలుకాదు అని." అని, చేతి రుమాలు తీసి మిమోజ్ ముక్కు తుడిచింది, నాలుగేళ్ళ పిల్లకి తుడిచినంత మోటుగా. "ఇప్పుడూ అనదు. లేవవే, లే. ఉడికింది."

బయట స్పీకర్లో టిబెట్ వాళ్ళ గీతం మొదలయింది, నెమ్మదిగా, కొండ ఎక్కుతున్నట్టు. ఆ తరవాత ఛాగోస్ పేరు పిలిచారు, పలకడం రాక కాస్త తడబడి. మైదానంలో గడ్డి మెత్తగా ఉంది, బూటు దిగబడుతోంది. రొలాన్ డప్పుని చొక్కా లోపల దాచుకుని పరిగెత్తాడు, మన కుర్రాళ్ళు వరసలో భుజాల మీద చేతులు వేసుకుని నిలబడ్డారు, మొన్నటి సంగతి తలుచుకుని అప్పుడే బూట్లు చూసుకుంటున్నారు. రొలాన్ కొట్టాడు. మొదటి దెబ్బకే డప్పు కంగున మోగింది, ఆ మోత పోయి ఎదుటి రేకుల మీద తగిలి తిరిగొచ్చింది. కుర్రాళ్ళ తలలు లేచాయి. టిబెట్ వాళ్ళ ముసలాయన కూడా లేచి నిలబడ్డాడు, జెండా పట్టుకునే. మిమోజ్ ఎత్తుకుంది. కొబ్బరి ఎండింది, పడవ నిండింది. రేవులో నేనొక్కదాన్నే మిగిలాను. చెంప మీద వేడి ఇంకా అలాగే ఉంది, వాన చినుకులు పడుతున్నా ఆ చోటు మాత్రం చల్లారలేదు. పొద్దు గుంకింది, పిలవండర్రా, నా మనిషిని పిలవండర్రా. స్టాండులో పిల్లలు ఊఁ అనడానికి కళ్ళు మూసుకుని సిద్ధంగా ఉన్నారు.

"ఆన్సెల్మ్!" అంది మిమోజ్.

ఒక్క దరువు ఖాళీగా పోయింది. పిల్లలు కళ్ళు తెరిచి ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. పాడేవాళ్ళు చివర ఏమంటే అది అందుకోవడం ఆచారం, అది మాత్రం వాళ్ళకి సరిగ్గానే నేర్పారు. ముందు ఎవరో ఒక సన్న గొంతు, ఆ వెంటనే స్టాండు స్టాండంతా, ఆయనెవరో, ఎక్కడివాడో తెలియకుండానే, నోరు నిండా పిలిచారు. ఆన్సెల్మ్! ఆ కేకల్లో కర్రతో బల్ల మీద బాదుతున్న చప్పుడు ఒకటి వినిపించింది, అది ఫెలిసితేదే అయి ఉంటుంది. రిఫరీ గడియారం చూసుకుని ఈల నోట్లో పెట్టుకున్నాడు. ఒక్కసారే పాడాలని నిబంధన. రొలాన్ చెయ్యి ఆపి, చాలా అత్తా అన్నట్టు ఆమె వైపు చూశాడు. కొట్టవయ్యా, అంది మిమోజ్, మళ్ళీ మొదటి నుంచీ. అంత దూరం నుంచి ఒక్క పిలుపుకే ఎవరొస్తారు?